బెంగళూరు నీళ్లకి తెల్లబట్టలు తెల్లగా ఉండాలంటే ఏ పొడి కొనాలి?

మా మామగారు రిటైరైన బడిపంతులు. తెల్లపంచె, తెల్లచొక్కా తప్ప ఆయన ఒంటి మీద ఇంకో రంగు చూసినవాళ్లు కొవ్వూరులో ఎవరూ లేరు. మొన్న సంక్రాంతి అయ్యాక మా దగ్గరికి వచ్చి రెండు నెలలున్నారు. వెళ్లే ముందురోజు పెట్టె సర్దుకుంటూ ఒక పంచెని కిటికీ వెలుతురుకి పట్టి చూసి, "ఇది నాదేనా అమ్మాయ్?" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే అనుమానం వచ్చింది ఆయనకి. వచ్చినప్పుడు మల్లెపువ్వులా ఉన్న పంచె పొయ్యిలో బూడిద రంగుకి తిరిగింది. నాలుగు పంచెలూ అంతే. "ఇవి ఇక్కడే ఉండనీలే, మళ్లీ వచ్చినప్పుడు చూద్దాం" అని వదిలేసి వెళ్లారు.

మేముండేది హూడి దగ్గర. అపార్ట్‌మెంట్‌కి బోరు ఉంది, అది చాలనప్పుడు ట్యాంకర్ వస్తుంది. ఆ రెండు నెలలూ నేను వాడింది షాపులో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన పొడే. అందుకే నాకు ఒళ్లు మండింది. మా అక్క జయనగర్‌లో ఉంటుంది, దానికి కావేరి నీళ్లు. అది నేను వాడేదాంట్లో సగం ధర కూడా లేని పొడితో ఉతుకుతుంది, పిల్లల యూనిఫారాలు తళతళలాడుతుంటాయి. ఒక ఆదివారం నా ప్యాకెట్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వదిలేసిన పంచెల్లో బాగా నలిగిన ఒకదాన్ని ముక్కలుగా కోసి, అన్నిటికీ ఒకేలా కూరనూనె, మట్టి పూసి, కొన్ని అక్కడా కొన్ని మా ఇంట్లో ఉతికి పక్కపక్కన ఆరేశాను. మా ఇంట్లో ఖరీదైన పొడితో ఉతికిన ముక్క కన్నా అక్క వాళ్లింట్లో చవక పొడితో ఉతికిన ముక్కే తెల్లగా ఉంది. ఆ రోజు నుంచి పొడి గురించి ఎవరు అడిగినా, నేను ముందు వాళ్ల నీళ్ల గురించి అడుగుతున్నాను.

ముందు నీళ్ల సంగతి

నగరానికి కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి పంపులతో వస్తాయి. జయనగర్, బసవనగుడి, మల్లేశ్వరం లాంటి పాత పేటలకి ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు చాలాచోట్ల బోర్లూ ట్యాంకర్లే దిక్కు. నగరంలో తర్వాత కలిసిన 110 గ్రామాల కోసం 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలైంది కానీ, కనెక్షన్ వచ్చిన అపార్ట్‌మెంట్లలో కూడా సంపులో కావేరి, బోరు, ట్యాంకర్ అన్నీ కలిసిపోతుంటాయి. కాబట్టి "మాకు కావేరి వస్తుందండీ" అన్న మాటని పూర్తిగా నమ్మకండి.

ఇంట్లోనే తేల్చుకునే ఉపాయం ఒకటుంది. అర లీటరు ప్లాస్టిక్ సీసాలో సగం దాకా కుళాయి నీళ్లు పట్టి, ఒంటికి రుద్దుకునే సబ్బుని కొంచెం గోరుతో గీకి అందులో వేసి, పది సెకన్లు గట్టిగా ఊపండి. బట్టల సబ్బు వద్దు, అందులో ఎక్కువ భాగం డిటర్జెంటే కాబట్టి తేడా కనిపించదు. నురగ నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మీ నీళ్లు మంచివి. నురగ వెంటనే చచ్చిపోయి, పాలు విరిగినట్టు తెల్ల తునకలు తేలితే అవి ఉప్పునీళ్లు. మా సీసాలో రెండోదే జరిగింది. ఉప్పునీళ్లంటే నాలుకకి ఉప్పగా ఉండాలని లేదు. వాటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం సంగతి ఇది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఈ కాఠిన్యం ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి చూసి తీర్పు చెప్పేస్తారు. ఆ మీటర్ నీళ్లలో మొత్తం ఎన్ని లవణాలున్నాయో చెబుతుంది, అందులో కాల్షియం ఎంతో చెప్పదు. అపార్ట్‌మెంట్‌లో సాఫ్టనర్ ప్లాంట్ ఉంటే అది కాల్షియాన్ని తీసుకుని దాని బదులు సోడియాన్ని వదులుతుంది. అందుకని మీటర్‌లో అంకె పెద్దగా తగ్గదు, కానీ సబ్బు మాత్రం చక్కగా నురగ కడుతుంది. ఆ ప్లాంట్‌కి వేళకి ఉప్పు వేసి కడగకపోతే అది ఊరికే అలంకారానికి ఉన్నట్టే. మా దగ్గర ప్లాంట్ ఉంది. ఉప్పు బస్తాలు ఎప్పుడు వచ్చాయని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఉప్పునీళ్లలో పొడి వేయగానే అది ముందు కాల్షియంతో కుస్తీ పడుతుంది, మిగిలిన బలంతోనే మురికి జోలికి వెళుతుంది. అందుకే ఒకే ప్యాకెట్ మా అక్క ఇంట్లో ఒకలా, మా ఇంట్లో ఇంకోలా పనిచేసింది. పైగా పొడిలో ఉండే సోడా, నీళ్లలో కాల్షియం కలిస్తే సుద్దపొడి లాంటిది తయారవుతుంది. గీజర్ కాయిల్‌కి పట్టేదీ, బకెట్ అంచున తెల్లచారగా మిగిలేదీ అదే. అది నూలు పోగుల మధ్య కూర్చుంటుంది, దాన్ని పట్టుకుని మురికి కూర్చుంటుంది. తువ్వాళ్లు అప్పడాల్లా బిరుసెక్కాయంటే తెల్లబట్టలు బూడిద రంగుకి తిరిగే రోజు దగ్గరపడిందన్నమాట.

చవక పొడి, మధ్యరకం, ఖరీదైనది

చవక పొడుల్లో మురికి వదిలించే రసాయనం కొంత, సోడా ఎక్కువ, మిగతాది బరువు పెంచే లవణం. కావేరి నీళ్లుండి, బకెట్‌లో నానబెట్టి చేత్తో ఉతికే ఇంటికి రోజువారీ బట్టలకి ఇవి చాలు. బ్రాండ్ చూసి చిన్నబుచ్చుకోవాల్సిన పనేం లేదు. 1959లో సర్ఫ్ వచ్చాక కూడా, 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టాకే దేశంలో మామూలు ఇళ్లకి పొడి అందింది. బోరు నీళ్లకి మాత్రం తెల్లబట్టల కోసం ఇవి కొనకండి. సోడా ఎక్కువైన కొద్దీ సుద్ద ఎక్కువ. చేతులు మండటం సరేసరి.

రిన్, టైడ్ లాంటివి మధ్యరకం. ఇవి తెలుపు పేరు చెప్పి అమ్ముడుపోతాయి, అందులో కొంత కిటుకు ఉంది. వీటిలోనూ, ఖరీదైన పొడుల్లోనూ ఆప్టికల్ బ్రైటెనర్ అనే పదార్థం ఉంటుంది. అది మురికి తీయదు. బట్టకి అంటుకుని, ఎండలో ఉండే కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా బయటికి వదులుతుంది. పసుపు ఛాయ మీద ఆ నీలం పడి కంటికి తెల్లగా తోస్తుంది. పెళ్లి రిసెప్షన్‌లో డీజే లైట్ల కింద తెల్లచొక్కాలు ఊదా రంగులో మెరుస్తాయి చూడండి, అది ఇదే. మేడ మీద ఆరేసినప్పుడు ధగధగలాడిన చొక్కా ఆఫీసులో ఎల్‌ఈడీ లైటు కింద వెలవెలబోతుంది కూడా. ఆ లైట్లలో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు. నిజంగా శుభ్రపడిందో లేదో చూడాలంటే కాలర్ లోపలి మడతని రాత్రిపూట ఇంట్లో ఎల్‌ఈడీ లైటు కింద చూడాలి.

సర్ఫ్ ఎక్సెల్ మ్యాటిక్, ఏరియల్ మ్యాటిక్ లాంటి వాటికి రెండింతలు పైనే ఎందుకివ్వాలంటే, ఎంజైములకి. చెమట, పాలు, రక్తం మరకలని ఒక ఎంజైము కోస్తుంది, అన్నం గంజి లాంటి పిండి మరకలని ఇంకోటి. నీళ్ల కాఠిన్యాన్ని కాస్త తట్టుకునే పదార్థాలు కూడా వీటిలో మెరుగ్గా ఉంటాయి. ఫ్రంట్ లోడ్ రకంలో నురగని అదుపులో పెట్టేది ఉంటుంది. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో మామూలు పొడి వేస్తే నురగ పొంగి, బట్టలు ఒకదానికొకటి రాసుకోవడం తగ్గిపోతుంది. నురగ ఎక్కువ వస్తే బాగా ఉతికినట్టని మనకో నమ్మకం. ఇళ్ల మురుగులో కలిసి వెళ్లిన నురగే 2015లోనూ 2017లోనూ బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీద గుట్టలుగా లేచి రోడ్డు మీదికి ఎగిరింది. ఆ చెరువులు ఏం తెల్లబడలేదు.

ఎంజైములకి టైం కావాలి, గోరువెచ్చని నీళ్లు కావాలి. పదిహేను నిమిషాల క్విక్ వాష్ పెట్టి ఖరీదైన పొడి వేయడం డబ్బు కాలువలో పోయడమే. నేను చేసింది అదే. పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్, ఏడుంబావుకి మెషీన్, చల్లనీళ్లు, క్విక్ వాష్. 40 డిగ్రీల కాటన్ ప్రోగ్రాం పెట్టే ఓపిక ఉంటే, లేదా అరగంట ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టగలిగితే ఖరీదైనది కొనండి. లేదంటే మధ్యరకంతో వచ్చే ఫలితమే వస్తుంది.

పొడా, లిక్విడా అని అడుగుతారు. తెల్లబట్టల మటుకు నా ఓటు పొడికే. లిక్విడ్ చల్లనీళ్లలో ఇట్టే కరుగుతుంది, నల్ల ప్యాంట్ల మీద తెల్లచారలు పడవు, రంగు బట్టలకి హాయి. కానీ మరకల రంగు పోగొట్టే ఆక్సిజన్ బ్లీచ్ (దీని సంగతి కింద చెబుతాను) లాంటిది నీళ్లలో నిలవ ఉండదు కాబట్టి మామూలుగా లిక్విడ్ సీసాల్లో దాన్ని కలపరు. పొడిలో కలపొచ్చు. ప్రతి పొడిలోనూ ఉంటుందనీ కాదు, ప్యాకెట్ వెనక చదవండి.

ఇక కాలర్ దగ్గర ఏ పొడీ సబ్బు బిళ్లకి సాటి రాదు. ఒంటి జిడ్డు దారాల్లో పేరుకుని పచ్చబడేది అక్కడే. మెషీన్‌లో వేసే ముందు తడిపి, రిన్ బిళ్లో ఇంకో బిళ్లో రుద్ది పది నిమిషాలు వదిలేయండి. అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలైనా సరే, జిడ్డు జిడ్డే కదా.

బ్లీచ్ దగ్గర నేను కాల్చుకున్న చేతులు

మామగారు వెళ్లాక, ఆ పంచెల్ని ఆయన మళ్లీ వచ్చేలోపు తెల్లగా చేయాలనే పంతంతో క్లోరిన్ బ్లీచ్ తెచ్చాను. రిన్ అల లాంటివి ఈ రకం. సీసా మీద రాసిన కొలత ప్రకారమే బకెట్ బోరు నీళ్లలో కలిపి రెండు పంచెలు, మా ఆయన టెరికాటన్ చొక్కా ఒకటి ముంచాను. పావుగంటకి తీస్తే బూడిద రంగు పోయి లేత పసుపు, అక్కడక్కడ తుప్పు రంగు మచ్చలు. సీసాదేమీ తప్పు లేదు. మా బోరు నీళ్లలో ఇనుము ఉంది. నీళ్లలో కరిగి కనిపించకుండా ఉన్న ఇనుముని ఈ బ్లీచ్ తుప్పుగా మార్చి బట్టకి పట్టిస్తుంది. బకెట్ అడుగున, కమోడ్‌లో నీళ్లు జారేచోట ఎర్రచార కనిపించే ఇళ్లవాళ్లు క్లోరిన్ బ్లీచ్ జోలికి వెళ్లకండి. ముడతలు పడకుండా రెజిన్ పూత వేసిన చొక్కాలు కూడా దీనికి పచ్చబడతాయి. పట్టు, ఉన్ని, సాగే బట్టలకి అసలే వద్దు. కావేరి నీళ్లు, అచ్చమైన నూలు, మొండి మరక, ఈ మూడూ ఉన్నప్పుడు మాత్రం దీనంత త్వరగా పనిచేసేది లేదు.

ఇంకో మాట. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ దీన్ని కలిపితే విషవాయువు వస్తుంది. బాత్రూంలో తలుపేసుకుని బట్టలు ఉతికే అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఆక్సిజన్ బ్లీచ్ వేరే జాతి. వానిష్ లాంటి పొడుల్లో ఉండే సోడియం పర్‌కార్బొనేట్ నీళ్లలో పడితే హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలవుతుంది. నెమ్మదిగా పనిచేస్తుంది, రంగుల్ని అంతగా తినదు, వాసన రాదు, క్లోరిన్‌లా పోగుల్ని పీల్చి పిప్పి చేయదు. దీని గుణం తెలియాలంటే వేడి కావాలి. చల్లనీళ్లలో వేసి ఏం తేడా లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. గీజర్ నీళ్లు, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడివి, బకెట్‌లో పట్టి పెద్ద చెంచాడు కలిపి గంటసేపు వదిలేయండి. పట్టుకీ ఉన్నికీ ఇది కూడా పనికిరాదు. వారానికోసారి తెల్లబట్టలన్నీ కలిపి ఇలా నానబెట్టడం, రోజూ ఖరీదైన పొడి వాడటం కన్నా మేలని నా అనుభవం.

మా నాయనమ్మ కాలంలో చాకలి చవుడులో బట్టలు తడిపి ఉబ్బ వేసేవాడు, అంటే బాన మీద ఆవిరి పట్టించేవాడు. చవుడులో ఉండేది సోడా, దానికి తోడు గంటల తరబడి వేడి. ఇప్పుడు మనం వేల రూపాయల మెషీన్‌లో నొక్కే వేడినీళ్ల బటన్ ఆ పనిలో సగం చేస్తుంది.

నీలిమందు ఎప్పుడు

ఉజాల 1983లో కేరళలో పుట్టింది. అంతకుముందు నీలిమందు పొడి మూటకట్టి నీళ్లలో తిప్పేవాళ్లు, సరిగ్గా కరగకపోతే చొక్కా మీద నీలి చుక్కలు. ద్రవం వచ్చాక ఆ బాధ తప్పింది. ఇది కూడా మురికి తీసేది కాదు, పసుపు ఛాయని కప్పే రంగు. కాబట్టి శుభ్రంగా ఉతికి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించిన బట్టకి, చివరి నీళ్లలో నాలుగు చుక్కలు. బూడిద రంగు పట్టిన బట్టకి వేస్తే అది నీలి బూడిద అవుతుంది, అంతే. బ్లీచ్ దెబ్బ తిన్నాక నేను ఆ పచ్చని కప్పుదామని ఒక పంచెకి ఇదీ వేశాను. ఆకుపచ్చో నీలమో తేల్చుకోలేని రంగొకటి వచ్చింది. ఒక బకెట్ నీళ్లలో చుక్కలు కలిపాకే బట్ట ముంచాలి, బట్ట మీద నేరుగా పోయకూడదు. ఇదంతా సరిగ్గా చేస్తే మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంత తెలుపు ఇంకేదీ ఇవ్వదు. గంజి పెట్టే పంచెలకి నీలిమందు తప్పనిసరి అంటాను నేను.

పసుపు మరక

మన ఇళ్లలో తెల్లబట్టకి అసలు శత్రువు పప్పు, సాంబారు. పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రగా మారుతుంది, కంగారుపడి ఇంకా రుద్దుతాం. సబ్బులో క్షారం వల్ల పసుపు రంగు మారింది, అంతే. బాగా జాడిస్తే తిరిగి పచ్చబడుతుంది. జిడ్డు పోయేదాకా ఉతికి, తడిగానే ఎండలో వేయండి. పసుపు ఎండకి నిలవదు. రెండు మూడు ఎండలకి మాయమవుతుంది. జులై, ఆగస్టుల్లో ఇక్కడ సూర్యుడు మొహం చాటేసినప్పుడు మాత్రం ఆక్సిజన్ బ్లీచే గతి.

ఇప్పుడు ఎవరికి ఏది

కావేరి నీళ్లు, టాప్ లోడ్ లేదా బకెట్ అయితే మధ్యరకం పొడి, కాలర్‌కి బిళ్ల, చివర్లో ఉజాల. ఖరీదైన పొడికి డబ్బు తగలేయకండి. కావేరి నీళ్లు, ఫ్రంట్ లోడ్ అయితే ఫ్రంట్ లోడ్ మ్యాటిక్ పొడి, కొలత కొంచెం తగ్గించినా పరవాలేదు. బోరు నీళ్లయితే ఖరీదైన పొడి, కొలత పెంచి, వేడినీళ్లతో, వారానికోసారి ఆక్సిజన్ బ్లీచ్. ఇంకోసారి జాడించే బటన్ ఉంటే నొక్కండి. 2024 వేసవిలో నీళ్లకి కటకటలాడినప్పుడు మేం జాడింపు తగ్గించాం, ఆ నెలలోనే తువ్వాళ్లు అట్టలయ్యాయి. బ్యాచిలర్ గదుల్లో ఉండి ఆఫీసు చొక్కాలు నాలుగే తెల్లవి అయితే ఇవేవీ వద్దు, బిళ్ల ఒకటి, బకెట్ ఒకటి.

ధర పోల్చేటప్పుడు కిలో రేటు చూడకండి. ప్యాకెట్ ధరని దాంతో ఎన్ని ఉతుకులు వస్తాయో దాంతో భాగించండి. చవక పొడి నాలుగు చెంచాలు పడేచోట మ్యాటిక్ రెండే పడితే ఖర్చు తేడా చాలావరకు కరిగిపోతుంది. మెషీన్ మూతిదాకా కుక్కితే ఏ లెక్కా నిలవదు. చెయ్యి నిలువుగా దూరేంత ఖాళీ ఉంచండి. జీన్స్‌తో పాటు తెల్లబనియన్లు వేసేవాళ్లకి నేను చెప్పగలిగేదేం లేదు.

ఇప్పటికే బూడిద రంగు పట్టినవాటికి కిరాణాకొట్లో దొరికే నిమ్మ ఉప్పు పట్టండి. బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి అరగంట ముంచితే పోగుల్లో ఇరుక్కున్న సుద్ద కరుగుతుంది, తుప్పు మచ్చ కూడా కొంత వదులుతుంది. బాగా జాడించాక మరో బకెట్‌లో వేడినీళ్లు, ఆక్సిజన్ బ్లీచ్. ఆ రెండూ ఒకే బకెట్‌లో కలపకండి, ఒకదాని పని ఇంకోటి చెడగొడుతుంది. నేను రెండు ఆదివారాలు ఇలా చేసి మేడ మీద ఎండలో వేశాను. మూడు పంచెలు తేరుకున్నాయి, నీలిమందు వేసినదానికి అంచు దగ్గర చిన్న చార మిగిలింది. వచ్చే నెల మామగారు వస్తున్నారు. నాలుగోదాన్ని ముక్కలు కోశానని ఆయనకి ఇంకా చెప్పలేదు.